కళాశాలా నిర్ణయ చంద్రిక

అవతారిక

తెలుగువాడికి శాస్త్రం లేని సందర్భం లేదు. బల్లి మీద పడితే శాస్త్రం, తుమ్మితే శాస్త్రం, కన్నదిరితే శాస్త్రం. అలాంటిది, అమెరికాలో కాపురం పెట్టిన తెలుగు గృహస్థుతో పదిహేడేళ్ళ కూతురు రాత్రి భోజనాల దగ్గర "నాన్నా, నేను డాక్టర్నవుతా. కాలేజీలో మాత్రం గ్రీకు నాటకాలు చదువుతా" అంటే, తీసి చూసుకోవడానికి ఒక్క గ్రంథం లేదు. పంచాంగం తిరగేశాను. గృహప్రవేశానికి ముహూర్తాలున్నాయి, ఒక్క కాలేజీకి ముందే మాటిచ్చేసే ఎర్లీ డెసిషన్‌కి లేవు. ఆ లోటు పూడ్చడానికే ఈ చంద్రిక.

గ్రంథమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: వైద్యంలోకి పోదామనుకుంటూ కావ్యాల మీద మనసు పారేసుకున్న పిల్లకి కాలేజీ ఎంచడం. ప్రయోజనం: తండ్రికి నిద్ర. సంబంధం: బ్యాంకుతో. అధికారి, అంటే ఈ గ్రంథం చదవడానికి తగినవాడు: ఇంటర్లో ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ చేసి, లోకంలో ఏ చిక్కునైనా ఎక్సెల్ షీటులో పెట్టి విప్పగలనని నమ్మేవాడు. గ్రంథకర్త యోగ్యతలు: ఎడిసన్‌లో ఇల్లు, ఒక కూతురు, పదకొండు క్యాంపస్ టూర్లు, ఇరవై రెండు కాలమ్‌ల షీటు.

సంజ్ఞా పరిచ్ఛేదం

సూ. 1. ప్రీమెడ్డను మేజరు లేదు.

భాష్యం: మన దగ్గర బైపీసీ చదివి, నీట్ రాసి, మీసం రాకముందే ఎంబీబీఎస్‌లో చేరిపోతారు. అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, ఆపైన రెసిడెన్సీ. మొదటి నాలుగేళ్ళలో వైద్యం ఉండదు, వైద్యం చదవాలన్న కోరిక మాత్రం ఉంటుంది. ఆ కోరిక పేరే ప్రీమెడ్. అది డిగ్రీ కాదు, వ్రతం. వ్రతానికి నియమాలున్నాయి: జనరల్ కెమిస్ట్రీ ఒక ఏడాది, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, కాస్త బయోకెమిస్ట్రీ, కాస్త స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు. ఇవి చేస్తూ పక్కన సంగీతం చదవొచ్చు, సంస్కృతం చదవొచ్చు, గ్రీకు నాటకాలూ చదవొచ్చు. ప్రీమెడ్ మన వేదాంతుల మాయ లాంటిది. ఎక్కడ చూసినా కనపడుతుంది, పట్టుకుందామని మేజర్ల జాబితా తీస్తే ఉండదు.

ఈ సూత్రాన్ని తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్లో వివరించిన తీరు ఇది.

"పిల్లకి సీటొచ్చిందా?"

"మార్చి ఆఖర్న తెలుస్తుందమ్మా."

"మెడిసిన్ సీటేగా?"

"కాదమ్మా, డిగ్రీ సీటు. మెడిసిన్ సీటు ఆ తర్వాత నాలుగేళ్ళకి."

"మరి ఈ నాలుగేళ్ళూ ఏం చదువుద్ది?"

"గ్రీకు నాటకాలు."

కాసేపు లైను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత వినపడింది: "దేశంకాని దేశంలో మీకు చెప్పేవాళ్ళు లేకుండా పోయార్రా."

సూ. 2. మేజరేదైనను మెడికల్ ప్రవేశంబు వైకల్పికంబు.

భాష్యం: వైకల్పికమంటే వ్యాకరణంలో అవ్వొచ్చు, కాకపోవచ్చు అని. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం లెక్కల ప్రకారం ఏటా యాభై వేల పైచిలుకు మంది ఎండీ సీట్లకి దరఖాస్తు పెడితే, సుమారు 23 వేల మంది చేరతారు. దరఖాస్తుదారుల్లో సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం లాంటివి చదివినవాళ్ళు పిడికెడు. ఆ పిడికెడులో సీటు దక్కేవాళ్ళ శాతం మాత్రం బయాలజీ వాళ్ళకేమీ తీసిపోదు.

ఈ మాట చెవినపడగానే కొందరు తండ్రులు ఆ రాత్రికి రాత్రే పిల్లాణ్ణి ఫిలాసఫీలోకి మార్చారు. ఏనుగెక్కినవాళ్ళంతా రాజులే కదా అని ఏనుగుని అద్దెకి తెచ్చుకున్నట్టుంది వీళ్ళ తర్కం. ప్లేటోనీ ఆర్గానిక్ కెమిస్ట్రీనీ ఒకే సెమిస్టరులో మోయగల పిల్ల ఏ మేజరులో ఉన్నా మోసేదే.

సూ. 3. పరీక్షయందు నాలుగవ వంతు కథే.

భాష్యం: మెడికల్ ప్రవేశానికి ఎంక్యాట్ అనే పరీక్ష. భాగాలు నాలుగు. మూడింట్లో సైన్సు, మనస్తత్వం, సమాజం. నాలుగోదాన్ని కార్స్ అంటారు: 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు, అన్నీ చదివి అర్థం చేసుకునేవే. కళల మీదా, చరిత్ర మీదా, నీతి మీదా నాలుగైదు పేరాల వ్యాసం ఇచ్చి, రచయిత అనకుండా అన్నదేమిటని అడుగుతారు. ఒక్క ఫార్ములా పనికిరాదు. మాదిరి ప్రశ్నపత్రం ఒకటి నేనూ చేసి చూశాను. రచయిత అన్నదే నాకు అంతుపట్టలేదు.

సూ. 4. కెమిస్ట్రీకి ద్వారపాలకత్వంబు గ్రీకు చదివినవాఁ డిచ్చెను.

భాష్యం: ఇది మూలపురుష వృత్తాంతం. వైద్యానికి ముందు కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ గట్టిగా చదివి తీరాలన్న కట్టడి బిగియడానికి 1910లో వచ్చిన ఫ్లెక్స్నర్ నివేదిక పెద్ద కారణం. అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్ళు తిరిగి, ప్రయోగశాల లేనివాటిని ఉతికి ఆరేశాడాయన. ఆ అబ్రహాం ఫ్లెక్స్నర్ డాక్టరు కాడు. లూయీవిల్‌లో బడి నడిపినవాడు. జాన్స్ హాప్కిన్స్‌లో ఆయన చదివింది గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. కాబట్టి మా అమ్మాయి గ్రీకు చదువుతాననడం తిరుగుబాటు కాదు, సంప్రదాయం. ఈ యుక్తి మా ఆవిడకి వినిపించాను. "ఆయన డాక్టరు కాలేదుగా?" అంది. దీనికి భాష్యం దొరకలేదు.

ప్రమాణ పరిచ్ఛేదం

వస్తువుని తెలుసుకునే దారులు నాలుగని మన నైయాయికులు తేల్చారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కాలేజీ కూడా వస్తువే.

ప్రత్యక్షమంటే క్యాంపస్ టూరు. స్ప్రింగ్ బ్రేక్‌లో కుటుంబమంతా కార్లో పులిహోర పెట్టుకుని బయల్దేరుతుంది. గైడుగా వచ్చే రెండో ఏడాది పిల్లవాడు మన వైపు తిరిగి వెనక్కి నడుస్తాడు. మన ఊళ్ళలో పాదాలు వెనక్కి తిరిగి ఉండేవి దయ్యాలకి మాత్రమే. ఇక్కడ వాటికి జీతమిస్తారు. ప్రతిచోటా ఒక నీలం దీపం స్తంభం చూపించి, ఆపదొస్తే మీట నొక్కమంటాడు. ప్రతిచోటా ఉడత కనపడుతుంది. ప్రతిచోటా ఒక తండ్రి చెయ్యెత్తి "ప్రీమెడ్ సక్సెస్ రేటెంత?" అంటాడు. ఆ తండ్రి కూతురు పదడుగుల దూరంలో, వేరే కుటుంబంతో వచ్చినదానిలా చెట్టు వైపు చూస్తుంది. మొదటి ఏడు టూర్లలో ఆ తండ్రిని నేనే.

ఏడో టూరులో, కొండమీదున్న ఒక చిన్న కాలేజీలో, గైడు కొత్త జిమ్ము గొప్పలు చెబుతుండగా మా అమ్మాయి కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే పాత మేడ వరండాలో నోటీసు బోర్డు ముందు నిలబడుంది. గుండుసూదులు తుప్పుపట్టిన బోర్డు. దానిమీద విద్యార్థులు వేస్తున్న ఒక గ్రీకు నాటకం పాత్రధారుల జాబితా, పేరు పక్కన మేజరు. "చూడు నాన్నా, ముసలి దాది వేషం వేసేది బయోకెమిస్ట్రీ అమ్మాయి" అంది. నేను జేబులోంచి ఫోన్ తీసి షీటు చూసుకున్నాను. దీనికి కాలమ్ లేదు.

అనుమానమంటే పొగని చూసి నిప్పుందనుకోవడం. ఈ విద్యలో పొగ ర్యాంకు. యూఎస్ న్యూస్ పత్రిక 1983 నుంచి ఊదుతోంది. ర్యాంకుని బట్టి కాలేజీ సంపద, పేరు ఊహించవచ్చు గానీ, రెండో ఏడాది మిడ్‌టర్మ్‌లో దెబ్బతిన్న పిల్లని ఎవరు పిలిచి కూర్చోబెడతారో ఊహించలేం.

ఇక్కడే ఒక పెద్ద హేత్వాభాసం పొంచి ఉంది. కొన్ని కాలేజీలు "మా ప్రీమెడ్లలో తొంభై శాతానికి మెడికల్ సీట్లు" అని చాటుకుంటాయి. ఆ సంఖ్య తయారయ్యే తీరు చూడండి. చాలా కాలేజీల్లో ప్రీహెల్త్ కమిటీ ఉంటుంది. దరఖాస్తు చేసే ప్రతి విద్యార్థి గురించీ అది ఒక కమిటీ లెటరు రాస్తుంది. కొన్నిచోట్ల మార్కులు తగ్గినవాళ్ళకి ఆ లెటరు ఇవ్వరు, లేదా ఈ ఏడాది ఆగమని మెత్తగా చెబుతారు. వాళ్ళు దరఖాస్తు చెయ్యరు, లెక్కలోకీ రారు. వడ్లు తూర్పారబట్టి, మిగిలిన గింజల్ని చూపించి, మా పొలంలో తాలే పండదన్నట్టు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న సక్సెస్ రేటు కాదు: మొదటి ఏడాది ప్రీమెడ్ అనుకుంటూ చేరినవాళ్ళెందరు, చివరికి దరఖాస్తు చేసినవాళ్ళెందరు? కమిటీ లెటరు అడిగినవాళ్ళందరికీ ఇస్తారా? ఎనిమిదో టూరు నుంచి ఇదే అడిగాను. మా అమ్మాయి ఇంకో రెండడుగులు దూరం జరిగింది.

ఉపమానమంటే "వాళ్ళబ్బాయి". వాళ్ళబ్బాయి ఎక్కడ చేరాడు, ఏం స్కోరొచ్చింది, ఎన్ని గంటలు ఆసుపత్రిలో వాలంటీరు చేశాడు. ఈ ప్రమాణానికి ఒక్కటే లోపం: వాళ్ళబ్బాయి వాళ్ళబ్బాయే.

శబ్దమంటే ఆప్తవాక్యం. గుడి పార్కింగ్ లాట్‌లో చెప్పులేసుకుంటూ వినేదీ, వాట్సాప్ గ్రూపులో తెల్లారేసరికి వచ్చి పడేదీ శబ్దమే. ఆప్తుడు మాత్రం ఎవరు? ఆ కాలేజీలో ఇప్పుడు ఆర్గానిక్ చదువుతున్న పిల్ల. డైనింగ్ హాల్లో ఆవిడ పక్కన ప్లేటు పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే, నా షీటులో ఏడు కాలమ్‌లకి సరిపడా సరుకు దొరుకుతుంది.

ప్రకృతి పరిచ్ఛేదం

సూ. 5. కళాశాలలు త్రివిధంబులు: వాత, పిత్త, కఫములు.

భాష్యం: వైద్య విద్యకి వేసే నిచ్చెన గనక వర్గీకరణ ఆయుర్వేదం నుంచే తీసుకున్నాం.

వాత ప్రకృతి కాలేజీల్లో గాలి స్వేచ్ఛగా వీస్తుంది. బ్రౌన్ 1969లో ఓపెన్ కరిక్యులమ్ పెట్టింది. మేజరుకి కావలసినవి తప్ప అందరూ చదివి తీరాల్సిన పట్టిక లేదు. యామ్‌హర్స్ట్‌దీ అదే దారి. మన పిల్లకి ఇది బాగా పడుతుంది. ప్రీమెడ్ వ్రతమే సగం టైంటేబుల్ తినేస్తుంది. పైన కాలేజీ నియమాలు కూడా వచ్చి కూర్చుంటే నాటకానికి చోటు మిగలదు. వాతానికున్న గుణమే దోషం కూడా: కట్టు లేని పిల్ల గాలికి పోతుంది.

పిత్త ప్రకృతి కాలేజీల్లో జఠరాగ్ని ఎక్కువ. పెట్టినదల్లా తిని అరిగించుకోవాలి. కొలంబియా కోర్ చదువు 1919 నాటిది. లాయరయ్యేవాడైనా డాక్టరయ్యేదైనా హోమరునీ ప్లేటోనీ బల్ల చుట్టూ కూర్చుని వాదించాల్సిందే. షికాగోది కూడా ఇదే మంట. ఇంకా తీవ్రమైన పిత్తం కావాలంటే అనాపొలిస్, శాంటా ఫే ఊళ్ళలో సెయింట్ జాన్స్ ఉంది. 1937 నుంచి అక్కడ మేజర్లే లేవు, అందరికీ అవే మహాగ్రంథాలు. అక్కణ్ణుంచి డాక్టరు కావాలనుకునేవాళ్ళు సైన్సు కోర్సులు చాలామటుకు డిగ్రీ అయ్యాక పోస్ట్‌బ్యాక్ పేరుతో చదువుకుంటారు. సాహిత్యం మీద కోరిక నిజమో కాదో తేల్చుకోవాలంటే పిత్తమే గీటురాయి. ఆర్గానిక్ పరీక్ష ముందు రాత్రి ఇలియడ్ వంద పేజీలు చదవమంటే ఏడ్చే పిల్లా ఉంటుంది, ఊపిరి పీల్చుకునే పిల్లా ఉంటుంది.

కఫ ప్రకృతివి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. భారీ శరీరం, నిదానం, నిలకడ. కెమిస్ట్రీ క్లాసులో మూడొందల మంది. ప్రొఫెసరు వెనక వరుసకి చీమంత. కానీ చాలాచోట్ల పక్కనే పెద్ద ఆసుపత్రి, లోపలే ఆనర్స్ కాలేజీ, ఫీజు సొంత రాష్ట్రం వాళ్ళకి తక్కువ. తెలుగు మధ్యతరగతి జేబుకి పడేది కఫమే. దీనికి గట్టి కారణం ఉంది. అప్పు చేసి మెడికల్ స్కూలు చదివే వాళ్ళు సగటున రెండు లక్షల డాలర్ల మూటతో బయటికొస్తారు. డిగ్రీ దగ్గరే ఇల్లు తాకట్టు పెడితే రెండో నిచ్చెనకి తాకట్టు పెట్టడానికి ఇల్లుండదు. రాష్ట్రం విలువ ఇంకోచోటా తెలుస్తుంది. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో పదింట తొమ్మిది సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకే పోవాలని అక్కడి చట్టం. ఫ్రిస్కో తెలుగువారికిది పూర్వజన్మ సుకృతం. ఎడిసన్ వాళ్ళం ఏ జన్మలో ఏం చేశామో.

వీటికి తోడు మిశ్రమ ప్రకృతి ఒకటుంది. జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యాన్నీ సైన్సునీ మానవీయ శాస్త్రాలనీ కలిపిన మేజరు ఉంది. వాండర్‌బిల్ట్‌లో వైద్యం, ఆరోగ్యం, సమాజం పేరుతో ఇంకొకటి. ఇవి కలిపి పెట్టిన పులిహోర. రుచికి వంక లేదు, పోపు సరిగ్గా పడింది. కొందరికి మాత్రం అన్నం విడిగా, ఆవకాయ విడిగా పెట్టాలి. కలుపుకునే చెయ్యి వాళ్ళదే కావాలి. మా అమ్మాయి రెండో రకం. చిన్నప్పుడు కూడా కలిపిన ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేది.

అపవాద పరిచ్ఛేదం

సూ. 6. బీఎస్-ఎండీ యందు సీటు ముందే వచ్చును.

భాష్యం: పదిహేడేళ్ళకే డిగ్రీ సీటూ మెడికల్ సీటూ ఒకే పొట్లంలో కట్టి ఇచ్చే పద్ధతులున్నాయి. బ్రౌన్‌లో ఎనిమిదేళ్ళది, కాన్సస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఆరేళ్ళది. మన ఇళ్ళలో వీటికున్న గిరాకీ ఇంకెక్కడా ఉండదు. కారణం సులువు: "సీటు" అన్న మాట నోరారా అనొచ్చు, తెనాలికి ఫోన్ చెయ్యొచ్చు. మన విషయానికి ఇంకా దగ్గరది న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌ది. 1987లోనే మానవీయ శాస్త్రాలు చదివే కాలేజీ పిల్లల్ని ఎంక్యాట్ లేకుండా ముందుగా ఎంచుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఆ తలుపు అన్ని మేజర్లకీ తెరిచింది. కాబట్టి కావ్యం చదివినవాళ్ళు కత్తి పట్టలేరన్న వాదాన్ని మెడికల్ స్కూళ్ళే ఎప్పుడో వదిలేశాయి. పట్టుకుని వేలాడుతున్నది మనమే.

పూర్వపక్షం

ఇప్పుడు మా బావమరిది లేస్తాడు. ఆయన డల్లాస్‌లో అనస్తీషియా డాక్టరు. "బావా, మత్తిచ్చాక పేషెంటుకి నాటకమెందుకు?" అంటాడు.

కొలంబియాలో రీటా షారన్ అనే వైద్యురాలు ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, 2000లో నెరేటివ్ మెడిసిన్ అనే కార్యక్రమం స్థాపించిందని చెప్పాను. రోగి చెప్పేది కథ, దాన్ని చదవడం రావాలన్నది ఆవిడ వాదం. చెహోవ్ డాక్టరన్నాను. "కాలాతీత వ్యక్తులు" రాసిన శ్రీదేవి డాక్టరన్నాను. "అతడు అడవిని జయించాడు" రాసిన కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసినవాడన్నాను. "వాళ్ళు డాక్టర్లయినా రాశారు, కాబట్టి రాసినవాళ్ళని డాక్టర్లని చెయ్యాలా?" అన్నాడు. మత్తు డాక్టరైనా మెలకువగానే ఉన్నాడు.

అప్పుడు దృష్టాంతం కోసం తెనాలి వెళ్ళాల్సి వచ్చింది.

సిద్ధాంతం

మా అమ్మ బీపీ చూపించుకోవడానికి రెండు స్పెషలిస్టుల బోర్డులు దాటుకుని మూడో వీధిలో ఒక పాత డాక్టరుగారి దగ్గరకి వెళ్తుంది. క్రితంసారి నేనూ తోడెళ్ళాను. "ఎట్లా ఉందమ్మా?" అన్నాడాయన. మా అమ్మ, కోడలు పుట్టింటికెళ్ళిన దగ్గర మొదలెట్టింది. పక్కింటి గోడ తగాదా మీదుగా, మేనమామ కొడుకు పెళ్ళి దాకా వచ్చింది. నేను గడియారం చూసుకుంటున్నాను. ఆయన కాగితం మీద కలం పెట్టి అలాగే ఉన్నాడు. పెళ్ళినుంచి వచ్చేటప్పుడు నిజాంపట్నం మీదుగా వచ్చామనీ, అక్కడ ఎండుచేపలు చవగ్గా ఉంటే కొన్నామనీ అన్నది. అప్పుడు కలం కదిలింది. "రోజూ తింటున్నారా?" "రోజూ కాదు బాబూ, రాత్రిళ్ళే."

మందు మార్చలేదాయన. ఎండుచేప ఆపించాడు.

ఆ చేప ఏ స్కానులోనూ కనపడేది కాదు. కథ అడ్డంగా పోతోందని గోడ తగాదా దగ్గరే ఆపేస్తే బయటపడేదీ కాదు. నాకు బోరు కొట్టిన ఏడు నిమిషాలే ఆయన చేసిన పరీక్ష. ఇది విని మా బావమరిది ఒక్క నిమిషం ఊరుకుని, "అందుకే నేను మాట్లాడని పేషెంట్లని ఎంచుకున్నా" అన్నాడు. దాన్ని ఒప్పుకోలుగా స్వీకరించి సూత్రం రాసుకున్నాను.

సూ. 7. ప్రీమెడ్ మానినను ఉండఁదగినదియే కళాశాల.

భాష్యం: వ్రతం పట్టినవాళ్ళలో చాలామంది మధ్యలో వదిలేస్తారు. కొందరిని ఆర్గానిక్ వదిలించుకుంటుంది, కొందరికి ఇంకో ప్రేమ దొరుకుతుంది. కాబట్టి రెండో ఏడాది ఒక చలికాలం పొద్దున మన పిల్ల లేచి "నేను డాక్టర్నవను" అనుకుంటే, ఆ పూట కూడా ఆ ఊళ్ళో ఉండాలనిపించాలి. ప్రీమెడ్ కోసమని మాత్రమే ఎంచిన కాలేజీ ఆ పొద్దున్నే జైలైపోతుంది. ఆ కోర్సులు దేశంలో ఏ మంచి కాలేజీలోనైనా ఉంటాయి. సోఫొక్లిస్‌ని పన్నెండుమందితో కూర్చోబెట్టి చెప్పే గది, ముసలి దాది వేషానికి బయోకెమిస్ట్రీ అమ్మాయిని పిలిచే చోటు అన్నిచోట్లా ఉండవు. దొరకనిదాన్ని బట్టి ఎంచుకోవాలి గానీ, అంతటా దొరికేదాన్ని బట్టి కాదు.

ఇరవై రెండు కాలమ్‌లూ నింపి, తూకాలు వేసి కూడితే, మొదటి కాలేజీకీ తొమ్మిదోదానికీ తేడా పాయింటు మూడు వచ్చింది. అంటే షీటు నాకేమీ చెప్పలేదు. ఇరవై మూడో కాలమ్ మా అమ్మాయి రాత్రెప్పుడో చేర్చింది: "నాటకం వేస్తారా? ఎవరైనా చేరొచ్చా?" దాంతో జల్లిస్తే నాలుగు మిగిలాయి. నాలుగింట్లో మన జేబుకి అందేవి రెండు. కాలేజీ నిర్ణయం రెండు నిమిషాల్లో అయిపోయింది. అంతకుముందు పట్టిన ఎనిమిది నెలలు గ్రంథరచన కిందికి వస్తాయి.

ఫలశ్రుతి

ఈ చంద్రికని నవంబరు ఒకటో తారీఖుకి ముందు భక్తితో పఠించినవారికి ఎర్లీ డెసిషన్ సంకటం తొలగును. మార్చి నెలాఖరున పఠించినవారికి పోర్టల్ తెరిచే ధైర్యం కలుగును. మే ఒకటిన డిపాజిట్ కట్టుటకు ముందు మూడుమార్లు పఠించినవారికి కట్టిన తర్వాత విచారం ఉండదు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినవారికి "వాళ్ళబ్బాయి" దోషం పోవును.

గ్రంథసమాప్తి రోజున తెనాలికి ఫోన్ చేశాను. "సీటొచ్చిందమ్మా."

"నాటకాల సీటేగా?"

"ఆఁ, అదే."

"ఇంక డాక్టరయ్యేసరికి ఎన్నేళ్ళు?"

"ఎనిమిది. రెసిడెన్సీ కలిపితే పదకొండు, పన్నెండు."

మా అమ్మ లెక్కపెట్టుకుంది. "సరే, అప్పటిదాకా నా మోకాళ్ళ సంగతి మన డాక్టరుగారికే చెప్పుకుంటాలే. సగంలో ఉంది."